టీ డబ్బా కింద పాదం

ఇలా రా తల్లీ, ఆ పీట లాక్కుని నా మోకాలి దగ్గర కూర్చో. చెవి ఇటు పెట్టు. ఈ సంగతి మీ అమ్మనడిగితే మూడు ముక్కల్లో తేల్చేస్తుంది: "కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, వదిలించాం, అంతే." మీ నాన్ననడిగితే తను చేయబోయిన తప్పు ఒక్కటి మింగేసి మిగతాదంతా చెబుతాడు. జరిగింది జరిగినట్టు చెప్పాలంటే నేనే చెప్పాలి. అప్పటికి నువ్వింకా పుట్టలేదు.

మీ అమ్మ చేసే పని నీకు తెలిసిందే. అందరి పాదాలూ ఒక్కలా ఉండవు కదా. ఒకరికి ఒక కాలు పొట్టి, ఒకరికి మడమ వంకర, ఇంకొకరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. కొట్లో దొరికే బూట్లు వాళ్ళకు పనికిరావు. అలాంటివాళ్ళకు కొలిచి, గీసి, కుట్టి ఇస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని పక్కన తోలు కోసే చిన్న యంత్రం, అప్పుడూ ఇలాగే ఉండేవి. వచ్చినవాళ్ళను తెల్ల కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీస్తుంది. ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ ఎత్తు పెంచాలో అంచున రాసుకుంటుంది. ఆ కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, బొమ్మను సరిదిద్ది, యంత్రానికి పంపిస్తుంది. ఆరేళ్ళ కష్టం, రెండు వందల పైచిలుకు మనుషుల పాదాలు, ఆ పెట్టెలోనే ఉండేవి.

ఆ రోజుల్లో మన వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద నుంచి పడ్డాడు. విరిగిన ఎడమ కాలు అతుక్కుంది గానీ, రెండు వేళ్ళ వెడల్పు పొట్టిదైంది. ఏడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. చివరికి పైవాళ్ళు పిలిచి, "ఫలానా సోమవారం వచ్చి నీ వీధులన్నీ నడిచి చూపించు. నడిస్తే నీ వీధులు నీవే. లేదంటే ఇక లోపల కూర్చుని ముద్రలు కొట్టు" అన్నారట. ఆయనకు ఒక చోట కూర్చోవడమంటే ముళ్ళ మీద కూర్చోవడమే.

"ఇరవై రెండేళ్ళు తొక్కిన వీధులు తల్లీ," అన్నాడు మీ అమ్మతో. "ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ గుమ్మంలో మనిషి కరుస్తాడో నాకు తెలుసు. కొత్తవాడికేం తెలుసు?"

మీ అమ్మ ఆయనకు మూడుసార్లు బూటు కుట్టి తొడిగి చూసింది. మూడుసార్లూ ఏదో ఒక తేడా. కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి అన్నట్టుంది వ్యవహారం. నాలుగోసారి ఆయన్ని ఒక పూటంతా నడిపించి, నిలబెట్టి, మళ్ళీ నడిపించి గీత గీసింది. "ఈసారి తప్పదు. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి" అంది. ఆయన నిశ్చింతగా ఊరవతల ఉన్న కూతురింటికి వెళ్ళాడు.

ఆ ఆదివారానికి ఇంకా మూడు రోజులుందనగా, గురువారం పొద్దున, నేను కిటికీ కమ్మీలు తుడుస్తుంటే "అత్తయ్యా!" అని కేక.

వెళ్ళి చూద్దును కదా, తెర మీద పాదాల బొమ్మలు ఒక్కటీ లేవు. అన్నీ తెల్లగా పాలిపోయిన కాగితాలు. మధ్యలో ఎర్ర పలక ఒకటి.

"ఏమని రాసుంది?" అన్నాను.

"నా ఫైళ్ళన్నిటికీ తాళం వేశారట. డబ్బు పంపిస్తే తాళంచెవి ఇస్తారట."

"తాళం వేసేదీ వాడే, తాళంచెవి అమ్మేదీ వాడేనా? దొంగోడు భలే కొట్టు పెట్టాడే!"

మీ నాన్నకు ఆరోజు బస్సు డ్యూటీ మధ్యాహ్నం నుంచి. గదిలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. "పంపేద్దాం. పీడా విరగడవుతుంది" అన్నాడు.

"తాళం వేసినవాడు మాట మీద నిలబడతాడని నీకేం నమ్మకం?" అంది మీ అమ్మ. "కుక్క కరిస్తే దాని మెడలో దండేస్తామా?"

మీ అమ్మ ఏడవలేదు. లేచి ఇంటర్నెట్ తీగ పీకేసింది, కంప్యూటర్ ఆపేసింది, ఎర్ర పలక ఆరిపోయింది. "దీనికి బయటివాళ్ళతో మాటలు బంద్. ఇక మిగతా సంగతి చూద్దాం" అని ఫోను తీసి స్క్రూలమ్మను పిలిచింది.

వెనక వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ తెలుసుగా? అప్పట్లో ఆవిడకు యాభై ఉంటాయి. జుట్టు ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకునే తిరిగేది, అందుకే ఆ పేరు. మొహం మీద పిలిచినా పలికేది. వచ్చీ రాగానే చెప్పులు విడిచి, బల్ల ముందు కూర్చుని, కంప్యూటర్ వైపు కన్నెత్తి చూడకుండా మీ అమ్మ వైపు చూసింది.

"ఏం తెరిచావమ్మాయ్?"

"ఏమీ తెరవలేదక్కా."

"తలుపు తీయకుండా ఇంట్లోకి పిల్లి కూడా రాదు. చెప్పు, తిట్టనులే."

మీ అమ్మ గోళ్ళు చూసుకుంది. "తోలు పార్సిల్ ఆగిపోయిందని, బిల్లు తెరిచి చూసుకోమని మెయిలొచ్చింది. తోలు కోసమే కదా ఎదురుచూస్తున్నాను. తెరిచాను. లోపల ఏమీ లేదు. మూసేశాను."

"నువ్వు మూశావు, అది మూసుకోలేదు. లోపల నక్కి కూర్చుని ఇప్పుడు పని మొదలెట్టింది. ఎన్నాళ్ళైంది?"

"వారమో, పది రోజులో. గుర్తులేదక్కా."

"సరే. సూటిగా చెబుతా, విను. ఈ తాళం ఊడదీయడం నా వల్ల కాదు. నా వల్ల అవుతుందని ఆశ పెట్టి నీ రోజులు తినను. తాళం పడినవి వదిలేద్దాం. వాటి నకళ్ళు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

మీ అమ్మ మొహం వికసించింది. "ఉన్నాయి! వెనకాల డిస్కు ఉంది. ఎప్పుడూ తగిలించే ఉంచుతాను. రోజూ సాయంత్రం దానంతటదే నకలు తీసుకుంటుంది."

స్క్రూలమ్మ మొహం మాత్రం వాడిపోయింది. "ఎప్పుడూ తగిలించే ఉంచుతావా? అయితే దానికీ తాళం పడే ఉంటుంది తల్లీ. ఈ పురుగు తగిలించిన దాన్నల్లా తింటుంది."

బల్ల వెనక్కి వంగి చూశారు. తీగ వేలాడుతోంది. తీగ చివర డిస్కు లేదు.

మీ నాన్న నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే అంతా ఉంది. ఇంకా ఎవరూ గుమ్మడికాయ దొంగ అననే లేదు, నేను భుజాలు తడుముకున్నాను.

"అదీ... గోడలకు రంగు వేయడానికి వచ్చారు కదా. దాని మీద చుక్కలు పడతాయని..."

"అమ్మా! ఆ బల్ల ముట్టుకోవద్దని నీకు లక్షసార్లు చెప్పాను!"

"లక్ష కాదురా, పద్నాలుగు. తీశాను. మళ్ళీ తగిలిద్దామనుకుని మరిచాను. నా మతిమరుపు అంటే నేనొప్పుకోను, ఆరోజు నిచ్చెన మీద నుంచి రంగు డబ్బా దొర్లింది, అది తుడిచేసరికి పొద్దుపోయింది."

"ఎక్కడుంది అత్తయ్యా?"

"కుట్టు మిషను సొరుగులో. పాత దిండు గలీబులో చుట్టి పెట్టాను."

తెచ్చాను. చంటిబిడ్డను విప్పినట్టు గలీబు విప్పాను. మీ నాన్న నా చేతిలోంచి దాన్ని లాక్కుని, ఆ వేలాడే తీగకు తగిలించి కంప్యూటర్ మీట నొక్కబోయాడు. అదిగో, వాడు నీకు చెప్పని తప్పు అదే. నేను మణికట్టు పట్టుకున్నాను.

"పురుగు పట్టిన డబ్బాలో మంచి గింజలు పోస్తావురా? ముందు డబ్బా కడగవద్దూ?"

స్క్రూలమ్మ నవ్వింది. నవ్వు ఆగాక ముడిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, తీగ ఊడబీకి, డిస్కు తన సంచిలో వేసుకుంది. "పెద్దమ్మా, మీరు బడికి ఎన్నేళ్ళు వెళ్ళారు?"

"మూడేళ్ళు."

"ఇంకో ఏడాది వెళ్ళుంటే నేను కొట్టు మూసుకునేదాన్ని. మీరు తీసి దాచకపోతే ఇది ఇవాళ పేపర్‌వెయిట్. కానీ ఒక్కటి తేలాలి. ముందు మీరు డిస్కు తీశారా, ముందు ఈవిడ ఆ మెయిలు తెరిచిందా? మెయిలే ముందైతే ఆ పురుగు దీంట్లోనూ గుడ్లు పెట్టి ఉండొచ్చు."

ముగ్గురూ నావైపే చూశారు. చూడండి, చూస్తే నాకేం? గడియారం చూసి చెప్పలేనేమో గానీ, ఏ రోజు ఏం జరిగిందో నా కళ్ళ ముందుంటుంది.

"రంగులవాళ్ళు వచ్చింది మంగళవారం," అన్నాను. "ఆరోజు నువ్వు నీలం చొక్కాలో గోడకు ఆనుకున్నావమ్మాయ్. మోచేతికి మీగడ రంగు అంటుకుంది. కిరసనాయిలు పెట్టి రుద్దినా మచ్చ పూర్తిగా పోలేదు. డిస్కు తీసింది ఆ పొద్దునే. ఇక మెయిలు సంగతి. తోలు కోసం గుమ్మంలోకి పదేపదే తొంగి చూసిన రోజు, తర్వాతి సోమవారం. ఆరోజూ నీలం చొక్కానే. మచ్చ నా కళ్ళతో చూశాను. కుర్చీ వెనక్కి జరిపి, గోడ తగలబోతే మోచేయి చప్పున లాక్కుని 'రంగు ఆరిందా అత్తయ్యా?' అన్నావు. 'ఆరి ఆరు రోజులైంది, నీ పార్సిలే ఇంకా రాలేదు' అన్నాను. నువ్వు నవ్వి, 'ఇదిగో, బిల్లేదో వచ్చింది' అని నొక్కావు."

మీ అమ్మ తల పట్టుకుంది. "అవునక్కా. ఆ మాట అన్నారు. ఇప్పుడు గుర్తొచ్చింది."

"పెద్దమ్మ మాట నమ్ముతున్నా," అంది స్క్రూలమ్మ. "అయినా చూసే నమ్ముతా. దీన్ని నా కొట్లో వేరే కంప్యూటర్ మీద పరీక్ష చేస్తా. అది ఇంటర్నెట్‌కి తగలని కంప్యూటర్. ఈలోగా ఈ పెట్టె కడుగుదాం."

మధ్యాహ్నం కొట్టు నుంచి పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చింది. కంప్యూటర్‌ను దాని సొంత బుద్ధితో కాక, ఆ పెన్‌డ్రైవ్ బుద్ధితో లేపింది. "లోపల ఉన్నదంతా తుడిచేస్తున్నా" అంది.

"అంతానా?" అంది మీ అమ్మ. "కొంచెం కూడా ఉంచవా?"

"ఒక్క గింజ ఉంచినా ఒక్క పురుగు ఉంటుంది. మీ అత్తయ్యనడుగు."

తెర మీద ప్రశ్న వచ్చింది. అవునా, కాదా? స్క్రూలమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "నీ ఇల్లు. నువ్వే నొక్కు."

మీ అమ్మ వేలు కాసేపు గాల్లో ఆగింది. తోలు కోసేటప్పుడు కత్తి ఎంత స్థిరంగా పట్టుకుంటుందో నువ్వు చూశావుగా, ఆ వేలు అలాగే స్థిరంగా ఉంది. నొక్కేసింది. ఆరేళ్ళ పాదాలు పోయాయి. తాళం వేసినవాడి ఎర్ర పలకా పోయింది. నేను టీ పెట్టాను.

సాయంత్రానికి కంప్యూటర్ కొత్తగా కొన్నప్పుడు ఉన్నట్టు, ఏమీ ఎరగని మొహంతో లేచి కూర్చుంది. వైరస్ రాకుండా కాపలా కాసే ప్రోగ్రాం ఒకటి పెట్టింది స్క్రూలమ్మ. మీ అమ్మను కొట్టుకు తీసుకెళ్ళి, మెయిలుకూ మిగతా వాటికీ పాస్‌వర్డులన్నీ అక్కడి నుంచే మార్పించింది. "దొంగ చూసిన తాళాలు మళ్ళీ వాడకూడదు" అంది.

శుక్రవారం పది గంటలకు సంచి ఊపుకుంటూ వచ్చింది. సంచి ఊపులోనే జవాబు తెలిసిపోయింది.

"శుభ్రంగా ఉంది! రెండు రకాలుగా వెతికా. మంగళవారం ముందు రోజు వరకు తీసిన నకళ్ళు, ఒక్కటీ చెక్కుచెదరలేదు."

డిస్కు తగిలించింది. తెర మీద పాదాలు ఒక్కొక్కటే వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత జల్లు పడ్డట్టు టపటపా. మీ అమ్మ ఒక్కొక్కరినీ పలకరించింది. "బేకరీ ఆయన. కవలల్లో పెద్దది. పాటలు నేర్పే టీచర్." అలా అంటూ అంటూ ఆగిపోయింది.

"పోస్ట్‌మ్యాన్‌వి మూడే ఉన్నాయి," అంది. "నాలుగోది రంగులు వేశాక గీసింది. డిస్కులో లేదు."

మీ నాన్న డ్యూటీకి వెళ్ళబోతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఆయనకు ఫోన్ చేసి రమ్మంటే?"

"కూతురింట్లో ఫోను కలవడం లేదు. ఆదివారం సాయంత్రం వస్తాడు. అప్పుడు కొలిచి ఎప్పుడు కోయను, ఎప్పుడు కుట్టను? పోనీ మూడోదే కుట్టి ఇద్దామా అంటే, దాంతో నాలుగు వీధులు నడిస్తే బొటనవేలు పుండవుతుంది. తెలిసి తెలిసి ఇవ్వలేను. డిస్కు తగిలించి లేని ఆ పదహారు రోజుల్లో మొత్తం పదకొండు మంది కాళ్ళు గీశాను. ఎక్కించాక కాగితాలు చెత్తబుట్టలో పడేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారే, నా పని అలాగుంది."

"పడేశావు," అన్నాను. "నువ్వు పడేస్తావు. నేను పడేయను."

అందరూ మళ్ళీ నా వైపు తిరిగారు.

ఒక వైపు తెల్లగా, దళసరిగా, ముడత లేకుండా ఉన్న కాగితాన్ని చెత్తలో వేయడానికి చేతులెలా వస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు. రంగు వేసేటప్పుడు వంటింటి అరలన్నీ ఖాళీ చేశాం కదా. గోడలు ఆరాక డబ్బాలు మళ్ళీ సర్దుతూ, వాటి కింద కొత్త కాగితాలు పరిచాను. బుట్టలోవి. రోజుకు ఒకటీ రెండూ, దొరికినప్పుడల్లా.

"వంటింట్లోకి రండి," అన్నాను. "ఎవరి కాలు ఎక్కడుందో నాకు తెలుసు."

మీ అమ్మ నాకంటే ముందు పరుగెత్తింది. నేను చెబుతుంటే స్క్రూలమ్మ డబ్బాలెత్తింది, మీ అమ్మ కాగితాలు లాగింది, మీ నాన్న ఆ డబ్బాలు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చంకల్లో రెండు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఉప్పు కింద పాలామె. పంచదార కింద చెరుకు రసం ఆయన, ఆయనకు అక్కడే నప్పుతుందని పెట్టాను. పప్పుల కింద బడి పిల్లలిద్దరు."

"మరి పోస్ట్‌మ్యాన్? పోస్ట్‌మ్యాన్ ఎక్కడ?" అంది మీ అమ్మ.

"టీ డబ్బా కింద. ఆయనకు మనింటి టీ ఇష్టమని."

డబ్బా ఎత్తారు. కాగితం ఉంది. మడమ మీద గుండ్రంగా టీ మరక, చందమామ చుట్టూ గుడి కట్టినట్టు. దాని లోపల పెన్సిలు గీత స్పష్టంగా ఉంది. అంచున మీ అమ్మ చేతిరాత: మడమ కింద ఎంత ఎత్తో, బొటనవేలి దగ్గర బియ్యం గింజంత సడలించాలని. మీ అమ్మ ఆ కాగితాన్ని గుండెకు హత్తుకోలేదు. అలాంటివి దానికి రావు. వెలుతురుకు పట్టి చూసి, "చాలు. ఇది చాలు" అని ముందు గదిలోకి నడిచింది.

నా లెక్క అన్నిట్లోనూ సరిపోయిందని కోతలు కోయను. పదకొండులో తొమ్మిదే దొరికాయి. పచ్చళ్ళ జాడీ కింద ఉందన్నది అక్కడ లేదు, ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. ఇంకొకటి పక్కింటావిడ బల్బు అడిగితే చుట్టి ఇచ్చేశాను. ఆ ఇద్దరినీ మళ్ళీ పిలిచి గీసుకుంది. "మా కాళ్ళు పోగొట్టావా అమ్మాయ్?" అని ఒకాయన నెల రోజులు ఆటపట్టించాడు.

శుక్రవారం, శనివారం మీ అమ్మ ఆ తొమ్మిదీ మళ్ళీ ఎక్కించి సరిదిద్దింది. ఈలోగా తోలు పార్సిలూ వచ్చింది, ఆదివారం పొద్దున యంత్రం పోస్ట్‌మ్యాన్ బూటు కోసింది. అడుగు పొరలు అతికించి, తోలు సాగదీసి, మధ్యాహ్నం దాటేసరికి కుట్టు ముగించింది. మీ నాన్న సెలవు రోజంతా దారానికి మైనం పట్టిస్తూ కూర్చున్నాడు. పచార్లు లేవు.

సాయంత్రం పోస్ట్‌మ్యాన్ వచ్చి తొడుక్కున్నాడు. గుమ్మం దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. మీ అమ్మ నేల మీద కూర్చుని ఆయన పాదాలే చూస్తోంది.

"ఎక్కడైనా నొక్కుతోందా?"

"నొక్కడం లేదు తల్లీ. బూటు వేసుకున్నానా లేదా అని కిందికి చూసుకుంటున్నా."

మర్నాడు పదకొండు గంటలకు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. దెబ్బ తగిలాక ఆయన నడక చప్పుడు నాకు తెలుసు, ఒక అడుగు పడేది, ఇంకో అడుగు ఈడ్చుకొచ్చేది. ఆరోజు వీధి మలుపులో వినబడింది చూడు, టక్ టక్ టక్ టక్, రెండూ సమానంగా. భుజాన సంచి, తల పైకి. వెనకాల చాలా దూరంలో, ఆయన నడకను పరీక్షించడానికి వచ్చిన ఆఫీసాయన చెమటలు తుడుచుకుంటూ, "కాస్త ఆగవయ్యా బాబూ!" అంటూ వస్తున్నాడు.

మన గుమ్మం ముందు ఆగాడు. మీ అమ్మ చేతిలో సూదితోనే బయటికొచ్చింది.

"మీకు ఉత్తరమేం లేదు," అన్నాడు. "ఉత్తరం లేని గుమ్మం దగ్గర ఆగడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు." మళ్ళీ నడిచాడు, ఆఫీసాయన అందుకునేలోపే. ఆ వీధులు ఆయనవే అయ్యాయి, పదవీ విరమణ దాకా.

ఇక ఆ డిస్కు. ఆ రోజు నుంచీ దాన్ని తగిలించి ఉంచడం మానేశాం. ప్రతి శనివారం పని ముగిశాక సొరుగులోంచి తీసి నేను తగిలిస్తాను. దీపం మిణుకుమిణుకుమని ఆగేదాకా మీ అమ్మ చూస్తుంది. ఆగగానే నేను ఊడదీసి, గలీబులో చుట్టి, సొరుగులో పెడతాను. బల్ల ముట్టుకోవద్దన్న మీ నాన్నే, "అమ్మా, ఇవాళ శనివారం, బల్ల ముట్టుకున్నావా?" అని అడుగుతాడు.

ఈమధ్య నా వేళ్ళకు ఆ తీగ గుచ్చే చిన్న రంధ్రం చప్పున దొరకడం లేదు. వచ్చే శనివారం నుంచి తగిలించేదీ, తీసేదీ నువ్వే. గలీబు ఎలా చుట్టాలో నేను చూపిస్తాను. ఇంకో మాట, ఈ సంగతి మనసులో పెట్టుకుని, నీ తర్వాత ఆ సొరుగు తెరిచేవాళ్ళకు నువ్వే చెప్పాలి. తీగ ఎందుకు తీస్తామో చెప్పు, పురుగు డబ్బా మాట చెప్పు, టీ డబ్బా కింద పాదం చెప్పు, దొరకని ఆ రెండింటి సంగతీ దాచకు. చెప్పేటప్పుడు మీ నాన్నలా లక్ష అనకు తల్లీ. పద్నాలుగు అని చెప్పు.